ఏటిగట్టు కబుర్లు: నిమజ్జనం మర్నాడు బయల్దేరండి

ఈ నెల ఎండు రొయ్యల పచ్చడి గురించి రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే నెల తీరుస్తాను. ఈలోగా భివండీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. దానికి జవాబు ఆలస్యమైతే లాభం లేదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

రాసిన పిల్ల ముక్కూ మొహం నాకు తెలీదు. అయినా మొదటి ముక్కే "అత్తమ్మా" అని రాసింది. "మా నాయినా మీ అన్నా బొంబాయిల ఒక్కటే మిల్లుల సాంచాలు నడిపిండ్రు. ఒక్కటే చాల్ల ఉన్నరు. ఏటేటా మీ అన్న, ఈ భాద్రపదానికి మా ఊరికి రా, పులస పట్టుడు చూపిస్త అనేటోడట. ఒక్కసారి గూడ పోలే. ఇప్పుడు నాయినకు డెబ్బై ఆరేండ్లు. దూది దుమ్ముకు దమ్ము పట్టింది. ఆ చేప పట్టుడు ఒక్కసారి చూస్త అంటున్నడు. దీపావళికి బోనస్ వచ్చినంక వద్దామనుకుంటున్న. ఇరవై వేలు జమ చేసిన. గాలాలు తెచ్చుకోవాల్నా? చేప ఎంతుంటది? నాయిన నావ ఎక్కొచ్చునా?"

చదివి కాసేపు ఊరికే కూర్చున్నాను. మా పెద్దన్నయ్య బొంబాయి వెళ్ళింది మా నాన్న పోయాక, ఇల్లు గడవక. ఒక గదిలో పదిమంది, ఒక షిఫ్టు వాళ్ళు లేస్తే ఇంకో షిఫ్టు వాళ్ళు పడుకునేవారట. పక్క చాప మీద కరీంనగర్ వైపు మనిషి. ఆయన జొన్నరొట్టె తినేవాడు, ఈయన అన్నం లేకపోతే ముద్ద దిగనివాడు. అయినా స్నేహం కుదిరింది. 1982 జనవరి 18న సమ్మె మొదలైంది. రెండున్నర లక్షలమంది మిల్లు మానేసి రోడ్డుమీదికి వచ్చారు. ఏడాది దాటినా గేటు తెరిచి పిలిచినవాడు లేడు. అన్నయ్య ట్రంకుపెట్టె పట్టుకుని ఊరొచ్చేశాడు. ఆయన స్నేహితుడు భివండీ పవర్‌లూములకి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఇద్దరూ ఒకర్నొకరు చూసుకోలేదు. అన్నయ్య పోయి పదకొండేళ్ళయింది. "ఈ భాద్రపదానికి రా" అన్న మాట అన్నయ్యది. ఆయన లేడు కాబట్టి ఇప్పుడది నా మీద ఉంది.

ఇలాంటి ప్రశ్నలే ఏటా మరో నలుగురైనా అడుగుతారు. కాబట్టి ఆ పిల్లకి రాసేది అందరికీ పనికొచ్చేలా ఇక్కడే రాస్తున్నాను.

ముందుగా, దీపావళికి వద్దమ్మా. బోనస్ కోసం మనం ఆగుతాం గానీ పులస ఆగదు. జూలైలో గోదారికి ఎర్రనీరు దిగుతుంది. సముద్రంలో తిరిగే చేప ఆ తీపినీటి జాడ పట్టి గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురెక్కుతుంది. సముద్రంలో ఉన్నంతకాలం దాన్ని విలస అంటాం. గోదారి నీటిలో ఈదాక పులస అంటాం. మన ఒడిశా వాళ్ళకి అదే ఇలిషి, తమిళనాడు వాళ్ళకి ఉళ్ళం. జూలై నుంచి సెప్టెంబరు ఆఖరుదాకా దాని కాలం. మహా అయితే అక్టోబరులో ఇంకొన్నాళ్ళు. దసరా వెళ్ళాక వచ్చినవాళ్ళకి గోదారి కనిపిస్తుంది గానీ పులస కనిపించదు.

అలాగని మొదట్లోనే పరిగెత్తుకు రావద్దు. జూలై, ఆగస్టు వరదల నెలలు. నా లెక్క ఇది. మీకు అనంత చతుర్దశి నాడు గణపతి నిమజ్జనం. ఆ మర్నాడే భాద్రపద పౌర్ణమి. ఆ రోజు బండెక్కితే పాడ్యమికి మా ఇంట్లో ఉంటారు. పౌర్ణమికీ అమావాస్యకీ సముద్రం పోటు పెద్దది. పౌర్ణమి పోటు జోరు తర్వాత రెండుమూడు రోజులు కూడా ఉంటుంది. అంటే విదియ, తదియ రాత్రులు మీకు వల చూడ్డానికి మంచివి. చవితి నాడు తిరుగు బండి ఎక్కితే పెత్రమాసకీ, ఎంగిలిపూల బతుకమ్మకీ నిశ్చింతగా ఇంట్లో ఉంటారు. ఇంకో సంగతి కూడా ఉంది. పాడ్యమి నుంచి మహాలయ పక్షం. పోయినవాళ్ళని తలుచుకునే రోజులు. మీ నాయిన మా అన్నయ్యని తలుచుకోవడానికి అంతకంటే మంచి రోజులు నాకు తోచలేదు.

ఇక ఆలస్యం ఎందుకు పనికిరాదో చెబుతాను. రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తారు. ఇదివరకు 120 రోజులుండేది, 2024 నవంబరు నుంచి తగ్గించారు. ఈ పుస్తకం ఆషాఢంలో మీ చేతికొస్తుంది. వెంటనే క్యాలెండరు తీసి పౌర్ణమి తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి గోడమీద రాసిపెట్టుకోండి. నిమజ్జనం తర్వాత బళ్ళన్నీ కిటకిటలాడతాయి. మీకు కల్యాణ్ దగ్గర కాబట్టి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ మేలు. షోలాపూర్ వాళ్ళకీ అదే బండి. సామర్లకోటలో దిగండి. అక్కణ్ణుంచి కాకినాడ, కాకినాడ నుంచి యానానికి బస్సులు తిరుగుతూనే ఉంటాయి. ముసలివాళ్ళకి టిక్కెట్టులో ఇచ్చే రాయితీ 2020 మార్చి నుంచి లేదు. కానీ అరవై దాటిన మగవాళ్ళకీ, నలభై అయిదు దాటిన ఆడవాళ్ళకీ ఖాళీ ఉంటే కింద బెర్తు ఇస్తారు. వయసు సరిగ్గా రాయించండి.

బయల్దేరే వారం ముందు నుంచి ధవళేశ్వరం వార్త వినండి. బ్యారేజీ దగ్గర నీరు 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, అంటే దాదాపు 10 లక్షల క్యూసెక్కులు సముద్రానికి పోతున్నట్టు. 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక ఉన్నా నేను ఎవర్నీ నావ ఎక్కనివ్వను. రెండోది పడితే మీరు ఇంట్లోంచి కదలొద్దు, టిక్కెట్టు డబ్బులు పోయినా సరే. 1986 ఆగస్టులో ఏరు ఎలా వచ్చిందో చూసినదాన్ని. 2022 జూలైలో మళ్ళీ యానాం వీధుల్లోకి నీళ్ళొచ్చాయి. ఎగువన భద్రాచలం దగ్గర పెరిగిన నీరు మా దాకా రావడానికి ఒక రోజు పైనే పడుతుంది. కాబట్టి భద్రాచలం వార్త కూడా చెవిన వేసుకుంటే ముందే తెలుస్తుంది.

గాలాల సంగతి. పిల్ల ఉత్తరం చివర్లో రాసింది, వాళ్ళ బంధువుల కుర్రాడొకడు కెనడాలో ఉన్నాడట. అక్కడ ఆకులు రాలే కాలంలో సాల్మన్ అనే చేప సముద్రం నుంచి ఏటికి ఎక్కుతుంది, వాడు కర్రా గాలం పట్టుకుని ఏటి ఒడ్డున నిలబడి పడతాడు, ఆ వీడియోలు చూసి అడుగుతున్నానని. మంచి ప్రశ్నే. సాల్మన్, పులస రెండూ ఒకే తీరు ప్రయాణం చేస్తాయి. రెండూ ఉప్పునీటిలో పెరిగి తీపినీటిలో గుడ్లు పెడతాయి. కానీ సాల్మన్ వేటాడి తినే చేప, ఎర మెరిస్తే కొరుకుతుంది. పులస నీటిలో ఉండే కంటికి కనపడనంత సన్నటి నాచునీ పురుగునీ మొప్పలతో వడగట్టుకుని తింటుంది. ఎరని పట్టించుకోదు. ఇంకో తేడా ఉంది. కెనడా పడమటి ఒడ్డు సాల్మన్ గుడ్లు పెట్టాక అక్కడే చచ్చిపోతుంది. మన పులస అలా కాదు, బతికితే తిరిగి సముద్రానికి పోతుంది. కాబట్టి గాలాలు ఇంట్లో పెట్టి రండి. ఇక్కడ పట్టేది వలతోనే. రాత్రి పోటూపాటూ చూసుకుని, ఏటికి అడ్డంగా వల వదిలి, నీటి వాలుకి నావతోపాటు పోనిస్తారు. ఎదురొచ్చే చేప మొప్పల దగ్గర చిక్కుతుంది. పైకి తీసిన కాసేపటికే ప్రాణం పోతుంది.

నావ మీద ఎవరు ఎక్కాలి? మా మేనల్లుడితో మాట్లాడాను. "మా నాన్న స్నేహితుడంటే నాకు పెదనాన్నే గదత్తా, తీసుకురా" అన్నాడు. నేనే ఆపాను. రాత్రి నావ మీద చలిగాలి, తడి, ఇంజను పొగ. దమ్ము మనిషికి దగ్గు తెర వస్తే నడి ఏట్లో ఏం చేస్తాం? అందుకని ఇలా అనుకున్నాం. రాత్రి వేటకి ఇంటల్లుడో కొడుకో ఒక్కరు వెళ్ళండి. లైఫ్ జాకెట్టు వేసుకుంటేనే. పెద్దాయన తెల్లవారి నావ తిరిగొచ్చే వేళకి రేవులో ఉంటాడు. వల దులపడం, చేప దింపడం, పాట పాడడం అంతా అక్కడే. ఎండెక్కాక ఏరు నెమ్మదిగా ఉంటే, ఒడ్డు వెంబడి ఒక్క అరగంట ఆయన్ని తిప్పి తెస్తారు. రోజూ వాడే మందులు, పీల్చే మందు రెండింతలు తెచ్చుకోండి. డాక్టరు చీటీ కూడా.

నావ ఎక్కేవాళ్ళకి రెండు ముక్కలు. మీరు ఎక్కితే ఒక మనిషి బరువు, చోటు పోతుంది. ఆ పూట వాళ్ళకది కూలి. డీజిలు డబ్బులు అడక్కపోయినా ఇవ్వండి. రెండోది, యానాం అనగానే వేరే సంగతి గుర్తొచ్చే అన్నలున్నారని నాకు తెలుసు. సీసా ముట్టినవాణ్ణి ఆ రోజు నావ ఎక్కించరు. ముందే చెప్తున్నాను, తర్వాత నన్ననొద్దు.

ఇప్పుడు ఇరవై వేల సంగతి. మా ఊళ్ళో గట్టుమీద చేప పాట పాడేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఈమధ్య ఏళ్ళలో రెండు కిలోల పులస ఒక్కటి ఇరవై వేలు దాటి పలికిన రోజులున్నాయి, పేపర్లలో ఫోటోలతో వచ్చింది. అంటే ఆ పిల్ల కూడబెట్టిందంతా ఒక్క చేప ఖరీదు. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత. మెడలో పుస్తెలు లేనివాడెవడో కట్టుంటాడు. నేను ఆ మాట ఒప్పుకోను. రానుపోను టిక్కెట్లు, దారి ఖర్చు, డీజిలు పోను, మూడో వంతు తాకకుండా పక్కన పెట్టు. ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తే ఉండాలి. బస మా ఇంట్లోనే, దానికి లెక్కలేదు. మిగిలిన దానిలో చేప సంగతి చూద్దాం. చిన్న పులస, కిలోలోపుది, తక్కువకి వస్తుంది. లేదా ఒక పెద్ద చేపని మూడిళ్ళవాళ్ళం కలిసి కొని పంచుకుంటాం. మా వీధిలో అది కొత్త కాదు.

ఒక్క జాగ్రత్త మాత్రం. మూడేళ్ళ కిందట మా ఆయన తరఫు వాళ్ళు కోయంబత్తూరు మిల్లుల నుంచి వచ్చారు. రెండు రోజులు రేవులో పులస దిగలేదు. మూడోనాడు మధ్యాహ్నం ఒకడు గుమ్మంలోకి తెచ్చి "ఇప్పుడే ఏట్లోంచి తీశావండి" అన్నాడు. చుట్టాలు వెళ్ళిపోయే రోజు, నాకు కంగారు. కొన్నాను. చట్టిలో ఉడుకుతుంటే వాసనకే తెలిసిపోయింది, ఐసుపెట్టెలో ఊరు దాటి వచ్చిన సముద్రపు చేప. చేపలమ్మిన తల్లి కూతుర్ని, నేనే మోసపోయాను. వడ్డించాను. వాళ్ళు "అబ్బ, ఎంత బావుందో" అన్నారు. నేను నోరు విప్పలేదు. ఆ సంగతి ఇవాళ మొదటిసారి చెబుతున్నాను, వాళ్ళు చదివితే క్షమించాలి.

ఒడిశా ఒడ్డున పడిన విలసని పులస అని అమ్మడం ప్రతి ఏడూ జరిగేదే. అది చెడ్డ చేప కాదు, ఒడిశా అక్కలు కోప్పడొద్దు. విలసని విలస అని, విలస ధరకే అమ్మితే హాయిగా కొనుక్కుందాం. చూపుతో తేడా పట్టడం మాలాంటివాళ్ళకే కష్టం. కాబట్టి నావలోంచి దిగుతుండగా చూసి కొనాలి. గుమ్మంలోకి వచ్చినది, మధ్యాహ్నం దాటినది వద్దు.

ఇంకో మాట, ఇది ముఖ్యం. పులస పడకపోవచ్చు. మా చిన్నప్పుడు మా అమ్మ తట్టలో పులసలు వేసుకుని ఊళ్ళమ్మట తిరిగి అమ్మేది. పోయినేడు మా మేనల్లుడికి కాలం మొత్తం మీద దొరికినవి రెండు చేతుల వేళ్ళకి సరిపోయాయి. గోదారి కలిసేచోట ఇసుక మేటలు వేసి దారి మూసుకుపోతోంది. ఏట్లోకి రాకముందే సముద్రంలో వలలు కాచుకుని ఉంటున్నాయి. తప్పించుకుని పైకెక్కితే ధవళేశ్వరం దగ్గర అడ్డు. 1852లో కాటన్ దొర ఆనకట్ట కట్టడంతో మన అన్నానికి నీళ్ళొచ్చాయి, చేప దారికి గోడొచ్చింది. రెండూ నిజమే. గంగ మీద ఫరక్కా బ్యారేజీ 1975లో వచ్చేదాకా ఇదే చేప అలహాబాదుదాకా ఎక్కేదట. బంగ్లాదేశ్‌లో ఇప్పుడు ఆశ్వయుజ పౌర్ణమి రోజుల చుట్టూ 22 రోజులు ఈ చేపని పట్టనివ్వరు, అమ్మనివ్వరు. గుడ్లు పెట్టుకోనివ్వాలని.

మీకు భాద్రపదం చెప్పడానికి ఇదీ ఒక కారణమే. దసరా దగ్గరపడేకొద్దీ కడుపు నిండా గుడ్లతో ఎక్కుతుంది. ఆ గుడ్లు రుచని ఎగబడతారు. నేను ఆశ్వయుజం వచ్చాక కొనడం మానేశాను. నేనొక్కదాన్ని మానితే ఏరు నిండదు, తెలుసు. వల వేసేవాడికి పిల్లల ఫీజులున్నాయి, వాణ్ణి మానమనడానికి నాకు నోరు రాదు. కొనేదాన్ని నేనే కాబట్టి నా చెయ్యి ఆపుకున్నాను, అంతే. వేలెడంత పిల్లచేపలు రాసులుగా పోసి అమ్ముతుంటే అవీ కొనకండి. అవి తిరిగి సముద్రం చేరితేనే మరో ఏడు మనకి పులస.

దొరికితే ఎలా వండుతానో కూడా చెబుతాను. పొలుసు తీసి, కడుపు శుభ్రం చేసి, ముక్కలు కోయకముందే కడిగేయాలి. కోశాక కడిగితే కొవ్వు పోతుంది, పులస రుచంతా దానిలోనే. మట్టిచట్టిలో ఉల్లిముద్ద, పచ్చిమిర్చి వేగాక చింతపండు పులుసు పొయ్యాలి. బెండకాయలు పొడుగ్గానే వేయాలి. ఆవకాయ మీద తేరిన నూనె రెండు గరిటెలు. సెగ తగ్గించి చాలాసేపు ఉంచాలి, గరిటె పెట్టకూడదు, చట్టి పట్టుకుని తిప్పాలి. దించేముందు కాస్త వెన్న. ఆ పూట తినకుండా మర్నాటికి ఉంచితే ముక్కకి పులుసు పడుతుంది. ముళ్ళు మాత్రం లెక్కలేనన్ని. దగ్గు మనిషి పక్కన ఎవరైనా కూర్చుని ముల్లు తీసి పెట్టాలి, తొందర పెట్టకూడదు.

కాబట్టి పిల్లా, నీకు నా జవాబు ఇది. నిమజ్జనం మర్నాడు బయల్దేరండి. గాలాలొద్దు, బోనస్ కోసం ఆగొద్దు, డబ్బంతా చేప మీద పెట్టొద్దు. బండెక్కకముందే మీ నాయినకి చెప్పు, వల ఖాళీగా రావొచ్చని. మిల్లులో నలభై ఏళ్ళు పనిచేసిన మనిషికి ఖాళీ చేతులతో తిరిగి రావడం అంటే ఏంటో కొత్తగా చెప్పక్కర్లేదు, ఆయన అర్థం చేసుకుంటాడు. చేప పడకపోతే ఆ రోజు రొయ్యలో, పండుగప్పో ఏది దిగితే అది వండుతాను. జొన్నపిండి కూడా తెప్పించి ఉంచుతాను, రొట్టె నువ్వే చేసిపెట్టాలి, నాకు తిరగదు.

అన్నయ్య చివరి రోజుల్లో పొద్దున్నే రేవు మెట్ల మీద, పైనుంచి మూడో మెట్టు మీద కూర్చునేవాడు, నావలు రావడం చూస్తూ. అక్కడ కూర్చుంటే ఏరు అవతల ఎదుర్లంక ఒడ్డు, వంతెన, వచ్చే నావ అన్నీ కనిపిస్తాయి. మీ నాయిన్ని అక్కడ కూర్చోబెడతాను. బొంబాయిలో వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకునేవారో నాకు తెలీదు. అన్నయ్య ఆ ఊసు ఎత్తేవాడు కాదు. మీ నాయిన చెప్తే వింటాను.

మిగతా అక్కలూ అన్నలూ, ఎవరైనా రావాలనుకుంటే ఎంతమందో, ఎవరికి ఏ జబ్బుందో ముందే పత్రికకి ఒక ముక్క రాయండి. మా ఇల్లు చిన్నది, ఒకేసారి రెండు కుటుంబాలకి చోటు చాలదు. వచ్చే నెల తప్పకుండా ఎండు రొయ్యల పచ్చడి.